ఎర్ర దారం కట్టిన సీసా

మా ల్యాబు అటెండరు పోయాడు. రెండు వారాల కిందట, గురువారం పొద్దున్నే ఆయన భార్య ఫోన్ చేసింది. నేను కాలేజీకి బయల్దేరుతూ గుమ్మంలో చెప్పులు వేసుకుంటున్నాను. "అమ్మా, ఆయన పోయినాడు. నిన్న సాయంత్రం. నీ నంబరు గోడ మీద రాసి పెట్టినాడు, అందుకని చేస్తా ఉండా," అంది. గొంతులో ఏడుపు లేదు. ఎలా జరిగిందని అడిగాను. గుండె అంది. "పదకొండో దినానికి నువ్వు రావల్ల. నిన్నొక మాట అడగమని నాకు చెప్పి పోయినాడు," అంది.

ఆ మాట ఏమిటో నాకు తెలుసు. పన్నెండేళ్ళుగా తెలుసు. చెప్పులు విప్పేసి లోపలికొచ్చి కూర్చున్నాను. ఆ రోజు కాలేజీకి వెళ్ళలేదు.

పోయినవాళ్ళ గురించి రాసిన వ్యాసాలు మీరు చాలా చదివి ఉంటారు. పోయినవాళ్ళు ఎంత మంచివాళ్ళో రాస్తారు, కళ్ళు తుడుచుకుంటారు, ఆ ఊపులో రాసినవాళ్ళు కూడా కాస్త మంచివాళ్ళయిపోతారు. నాకు ఆ సౌకర్యం లేదు. మా అటెండరు మీద ఒక నింద పడింది. ఒక సీసాలో ఈగల్ని ఇంకో సీసాలోకి కలిపేశాడని. ఆ నిందతో పని పోయింది, ఆ నిందతోనే మనిషీ పోయాడు. కలిపాడా, లేదా? ఆయన అడగమన్న మాట అదే. దానికి జవాబు నా దగ్గర ఉంది. ఉండి ఏం లాభం?

తొంభై ఆరులో నేను ఒంగోలు నుంచి బెంగళూరు వచ్చాను, పీహెచ్‌డీ చెయ్యడానికి. మా సారు పండ్ల ఈగల మీద పని చేసేవారు. పండ్ల ఈగలంటే మరేం కాదు, మీ ఇంట్లో బాగా మగ్గిన అరటిపండు మీద నలుసుల్లా ముసురుతాయే, అవే. ఒంగోల్లో మా అమ్మ వాటిని చేటతో తోలేది. నేను వాటిని పట్టుకోవడానికి స్కాలర్‌షిప్పు తీసుకున్నాను. మా నాన్న ఎవరైనా అడిగితే "అమ్మాయి సైంటిస్టు" అని ఊరుకునేవాడు, దేని మీద అని మాత్రం చెప్పేవాడు కాదు.

మేము చేసిన పని ఏమిటో రెండు మాటల్లో చెబుతాను, లేకపోతే ఆ నింద ఎంత సులువుగా పడిందో మీకు అర్థం కాదు. ఏ ప్రాణిలోనైనా జన్యువులు జంటలుగా ఉంటాయి, తల్లి వైపుది ఒకటి, తండ్రి వైపుది ఒకటి. కొన్ని జన్యువులు ఒక వైపు నుంచే వస్తే ఏ హానీ చెయ్యవు. రెండు వైపుల నుంచీ అదే వస్తే మాత్రం ఆ పిల్ల రెక్కలు రాకముందే చచ్చిపోతుంది. వాటిని మేము లీథల్స్ అనేవాళ్ళం. మా అటెండరు మాత్రం "లోపలి చావు" అనేవాడు. పైకి నిక్షేపంగా ఎగిరే ఈగ లోపల ఏ చావును దాచుకుందో చూసి చెప్పలేం. దాన్ని ల్యాబులో పెంచిన వంకర రెక్కల ఈగతో జత కట్టించి మూడు తరాలు పెంచాలి. మూడో తరంలో అన్నీ వంకర రెక్కలవే పుట్టి, తిన్నని రెక్కలది ఒక్కటీ రాకపోతే, రావలసినవి లోపలే చచ్చాయన్నమాట.

అలా చావును దాచుకున్న కుటుంబాలు రెండు దొరికితే వాటిని ఒకదానితో ఒకటి జత కట్టిస్తాం. తిన్నని రెక్కల పిల్లలు వస్తే ఎవరి చావు వారిది. రాకపోతే రెండిట్లోనూ ఉన్నది ఒకటే. పెద్ద గుంపులో ఎవరిది వారికే ఉంటుంది. చిన్న గుంపులో ఒకటే చావు ఇంటింటా ఉంటుంది. కాబట్టి ఎన్ని కుటుంబాలు ఒకే చావును దాచుకున్నాయో చూస్తే, ఆ చోట ఈగల గుంపు నిజంగా ఎంతదో తెలుస్తుంది. మా సారు ఈ విషయం మీద నాకు ఒక లావుపాటి పుస్తకం ఇచ్చారు. చదివాను, ఒక్క ముక్క బుర్రకెక్కలేదు. అటెండరు గిన్నె కలుపుతూ చెప్పాడు.

"ఎన్ని ఈగలు ఉండాయని కాదమ్మా, ఎన్ని ఇండ్లవి అని అడగల్ల. మా కాటన్‌పేటలో ఒక పెండ్లికి వెయ్యి మంది వస్తారు. సరిగ్గా లెక్కేస్తే నాలుగిండ్లోళ్ళే."

పుస్తకం మూసేశాను. ఉద్యోగంలో చేరిన నాటి నుంచీ నా విద్యార్థులకు ఈ పాఠం ఆ పెళ్ళితోనే మొదలుపెడుతున్నాను. ఎవరు చెప్పారో చెప్పను. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు, నా సొంత తెలివిలాగే చెబుతాను.

ఆయన కాటన్‌పేటలో పుట్టి పెరిగినవాడు. తాతల నాడు రాయలసీమ నుంచి దూది వ్యాపారానికి వచ్చిన కుటుంబాల్లో చితికిపోయిన ఒక కొమ్మ. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం, ల్యాబులో రెండూ కలిపి. నా కోస్తా తెలుగంటే ఆయనకు భలే వేళాకోళం. నేను "ఏవండీ" అంటే వెనక్కి తిరిగి "ఎవరినమ్మా పిలుస్తా ఉండావు, పెండ్లికొడుకునా?" అనేవాడు. నేను అన్నా అనడం మొదలుపెట్టాక ఊరుకున్నాడు.

ఈగల మేత వండడం ఆయన పని. బొంబాయి రవ్వ, బెల్లం, గట్టిపడడానికి అగర్ వేసి పెద్ద గిన్నెలో అడుగంటకుండా కలియబెట్టేవాడు. బూజు పట్టకుండా చివర్లో ఒక ఆసిడ్ పోయాలి. అది పోసేముందు చెంచాడు తీసి నోట్లో వేసుకుని రుచి చూసేవాడు. మొదటిసారి చూసి నేను కెవ్వుమన్నాను. "ఎవరికి వండినా రుచి చూసే వడ్డించల్ల," అన్నాడు తాపీగా. ఒక శనివారం ఇంటి నుంచి ఏలక్కాయ, నాలుగు జీడిపప్పులు తెచ్చి, ఆసిడ్ పోయకముందే నాకొక గిన్నెడు పక్కన పెట్టాడు. నిజం చెబుతున్నాను, మా హాస్టల్ కేసరిబాత్ కంటే బాగుంది.

ఈగలు పట్టే చోట్లు మాకు మూడు ఉండేవి. కాటన్‌పేటలో ఆయన వీధిలోనే ఉన్న అరటికాయలు మాగబెట్టే గోదాము. పీణ్యలో ఒక చిన్న ఫ్యాక్టరీ క్యాంటీను వెనక చెత్తకుండీ. మారతహళ్ళి దగ్గర ఒక సపోటా తోట. చిదిమిన అరటిపండు వేసిన సీసాలు అక్కడ వేలాడదీసి, మర్నాడు వెళ్ళి మూతికి దూది పెట్టి తెచ్చుకోవడం. పీణ్య నుంచి వస్తుంటే బస్సు కండక్టరు మేము సీసాలు పెట్టుకున్న తీగబుట్ట చూసి ఏమిటది అని కన్నడంలో అడిగాడు. "ఈగలు. చిన్నపిల్లలే, టికెట్టు తియ్యల్లనా?" అన్నాడు మా అటెండరు. బస్సంతా నవ్వు. నేను సిగ్గుతో కిటికీలోంచి బయటికి చూశాను. ఆ సపోటా తోట ఇప్పుడు లేదు. నేను అద్దెకుంటున్న ఫ్లాట్లు ఆ తోట మీదే లేచాయి.

ఆయన అలవాటు ఇంకొకటి చెప్పాలి. సీసాల మీద మేము అంటించే చీటీలంటే ఆయనకు నమ్మకం లేదు. స్పిరిటు చుక్క పడితే సిరా కారిపోయేది. ఆయన ప్రతి సీసా మెడకూ దారం కట్టేవాడు. కాటన్‌పేటకు ఎరుపు, పీణ్యకు నీలం, సపోటా తోటకు పచ్చ. ఎన్నో కుటుంబమో ముళ్ళు వేసి చూపించేవాడు. "రాసింది చెరిగిపోతుంది, దారం చెరగదు," అనేవాడు. నెల తిరక్కముందే నాకూ ఆ ముళ్ళు చదవడం వచ్చేసింది. ఒకసారి చీటీలన్నీ ఊడిపోతే ఆ దారాలే మా పరువు కాపాడాయి. అప్పుడు సారు ఆయన భుజం తట్టారు. పదకొండేళ్ళుగా దినకూలీ మీదే ఉన్న మనిషి. పర్మనెంటు చెయ్యమని ఫైలు పంపుతానని కూడా ఆ రోజే అన్నారు. ఫైలు నిజంగానే కదిలింది. ఆయన ఇంట్లో చెప్పుకున్నాడు, వీధిలోనూ చెప్పుకున్నాడు.

ఆ మరుసటి ఏడాది ఎండాకాలం తరువాత కాటన్‌పేట ఫలితాలు వచ్చాయి. ఒక జత కట్టించి చూస్తే వంకర రెక్కలే. మళ్ళీ వంకర రెక్కలే. సగానికి పైగా కుటుంబాల్లో ఉన్నది ఒకటే చావు. పీణ్యలో అలా లేదు, సపోటా తోటలో లేదు. మూగిన ఈగల్ని కళ్ళతో చూస్తే అన్నిటికంటే కాటన్‌పేటలోనే ఎక్కువ, గోదాము గోడ నల్లగా కనిపించేది. ఫలితమేమో అక్కడి గుంపు చాలా చిన్నదని చెబుతోంది.

ఇలాంటి ఫలితానికి అర్థాలు రెండే. గుంపు నిజంగా చిన్నదైనా కావాలి, లేదా ల్యాబులో ఎవరో ఒక కుటుంబం ఈగల్ని మిగతా సీసాల్లో కలిపేసినా కలిపేసి ఉండాలి. రెండిటికీ కనిపించేది ఒకటే. పై నెలలో గ్రాంటు తాలూకు కమిటీ వస్తోంది. మా సారు రెండో అర్థం ఎంచుకున్నారు. దానికి మనిషి అందుబాటులో ఉన్నాడు మరి.

ఒక ఉదయం మా ఇద్దరినీ గదిలోకి పిలిచారు.

"అంత పెద్ద గోదాములో అన్నిటికీ ఒకటే లీథల్ ఎలా వస్తుందయ్యా? మేత మార్చేటప్పుడు నువ్వే ఎక్కడో కలిపేశావు."

"లేదు సార్. ఆ గోదాము రెండు నెలలు బీగం పడి ఉండె సార్. ఓనర్లు అన్నదమ్ములు కొట్లాడుకున్నారు. పండు రాలేదు, అంతా ఫినాయిల్ వేసి కడిగినారు. ఈగలన్నీ పోయినాయి. మళ్ళా తెరిచినాక మిగిలిన ఒకటి రెండిండ్లవే ఇట్ల పెరిగినాయి. నేను అప్పుడే చెప్పినా సార్."

"నువ్వు చెప్పే వీధి కబుర్లు నేను రిపోర్టులో రాయాలా?"

"దారాలు చూడండి సార్. ముళ్ళు చూడండి. ఒక్కటి తప్పుంటే నన్ను అడగండి."

"దారాలు కట్టుకుని జెనెటిక్స్ చేస్తున్నామని కమిటీకి చెప్పమంటావా?" అన్నారు సారు. అదే దారాలు, అదే సారు. తరువాత నా వైపు తిరిగారు. "నువ్వు రోజూ పక్కనే ఉంటావు కదమ్మా. వీడు కలపడం ఎప్పుడైనా చూశావా?"

లేదు సార్ అంటే అయిపోయేది. రెండే మాటలు. కానీ అటెండరు కాకపోతే ఇంకెవరు? ఆ సీసాలు ముట్టుకునేది మేమిద్దరమే. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందంటారు, నేను చించుకోలేదు. "కలపడం చూళ్ళేదు సార్. కానీ ఒకసారి గరాటు తుడవకుండా రెండో సీసాకు వాడాడు," అన్నాను.

అది అబద్ధం కాదు. అదే నా పాపం. అబద్ధమైతే ఈపాటికి ఎవరి ముందో ఒప్పుకుని ఏడ్చేసేదాన్నేమో. మేత పాతబడితే ఈగల్ని గరాటుతో కొత్త సీసాలోకి దులుపుతాం. సీసాకూ సీసాకూ మధ్య గరాటును స్పిరిటుతో తుడవాలి. ఆయన తుడవని రోజు అన్నేళ్ళలో ఒక్కటి ఉంటే అది ఆ రోజే. ఎందుకు తుడవలేదు? "కానీండన్నా, సినిమాకి టైమైపోతోంది," అని పక్కన నిలబడి తొందరపెట్టింది నేను. పైగా అవి నీలం దారం సీసాలు. పీణ్యవి. కాటన్‌పేటకు వాటితో ఏ సంబంధమూ లేదు.

ఆయన నా వైపు చూశాడు. నువ్వే కదమ్మా తొందరపెట్టింది, అనొచ్చు. అవి పీణ్య సీసాలు కదమ్మా, అనొచ్చు. ఆ రెండూ అనలేదు. తల వంచుకుని, మేత పొయ్యి మీద ఉండాది సార్, అడుగంటుతుంది, అని చెప్పి వెళ్ళిపోయాడు. ఆ పూట మేత వండి, సీసాల్లో పోసి, గిన్నె తోమి బోర్లించి మరీ ఇంటికి వెళ్ళాడు.

దినకూలీ మనిషిని తీసెయ్యడానికి కాగితం అక్కర్లేదు. రేపటి నుంచి రావొద్దన్నారు. పర్మనెంటు ఫైలు ఎక్కడికి పోయిందో ఎవరూ అడగలేదు.

పది రోజుల తరువాత గేటు దగ్గర ఎవరో పిలుస్తున్నారంటే వెళ్ళాను. ఆయనే. చేతిసంచిలోంచి ఒక సీసా తీశాడు. మెడకు ఎర్ర దారం, ముళ్ళు లేవు. లోపల అరటిపండు గుజ్జు మీద యాభై అరవై ఈగలు. పొద్దున గోదాములో పట్టినవి.

"నువ్వే చేసి చూడు తల్లీ. నా చెయ్యి పడకుండా చెయ్యి. మేత గూడా నువ్వే వండుకో. ఇవి ల్యాబు మొగమే చూళ్ళేదు కదా, వీటిలో గూడా అదే చావు ఉంటే నేను కలపలేదని. లేకుంటే కలిపినానని. ఏది వచ్చినా నాకు చెప్పు, అంతే." సీసా నా చేతిలో పెట్టాక మళ్ళీ అన్నాడు. "ఖాళీ సీసా మాత్రం రిజిస్టరులో జమ చేయించు. అది మీదే. నేనే ఇంటికి తీసుకపోయింటి, ఇప్పుడు దొంగతనం గూడా నా నెత్తిన వద్దు."

పెద్ద చదువులు చదివిన మా సారుకూ నాకూ తోచని పరీక్ష అది. అంత సులువైనది, అంత న్యాయమైనది. చేశాను. ఆ మాట మాత్రం చెప్పుకుంటాను, శ్రద్ధగా చేశాను. కొత్త గరాటు, కొత్త కుంచె, వేరే అలమర. మేత నేనే వండాను, రెండుసార్లు మాడింది. నెల పైన పట్టింది. వాటిని పాత ఎర్ర దారం కుటుంబాలతో జత కట్టించి, చివరి తరం ఈగల్ని ఈథర్‌తో మత్తు పెట్టి తెల్ల పలక మీద పోసి మైక్రోస్కోపులో చూశాను. వంకర రెక్కలు. ఇంకో సీసా, వంకర రెక్కలు. ఆయన చెప్పిందే నిజం. గోదాములో మూగిన అన్ని వేల ఈగలూ ఒకటి రెండిళ్ళవే.

సారుకు చూపించాను. తల వంచుకుని కాగితాలు తిరగేశారు. సిగ్గు పడుతున్నారనుకున్నాను, నా పిచ్చిగానీ. తల ఎత్తేసరికి ఆయన మొహం వెలిగిపోతోంది. "అయితే ఇది కంటామినేషన్ కాదన్నమాట. ఇది ఫైండింగ్! ఆ గోదాము ఎన్నాళ్ళు మూశారన్నాడు వాడు?" అన్నారు.

"రెండు నెలలు సార్. మరి ఆయన్ని..."

"చూద్దాంలే అమ్మా. ఆ స్థానంలో వేరేవాణ్ణి తీసుకున్నాం కదా. ఇప్పుడు కదిపితే అందరికీ ఇబ్బంది. ముందు నీ థీసిస్ సంగతి చూడు."

ఒక్కసారి అడిగాను. మళ్ళీ అడగలేదు. థీసిస్ మీద సంతకం పెట్టవలసింది సారే మరి. ఆ ఫలితం పేపరుగా అచ్చయింది, సారు పేరుతో, నా పేరుతో. గోదాము రెండు నెలలు మూసి ఉన్న సంగతి అందులో ఒక వాక్యంలో ఉంది, ఎవరు చెప్పారో లేదు. నా థీసిస్‌కు అదే ప్రాణం. కృతజ్ఞతల పేజీలో హాస్టల్ స్నేహితులున్నారు, టైపిస్టు ఉన్నాడు, ఫ్యాను బాగు చేసిన ఎలక్ట్రీషియన్ ఉన్నాడు, మా ఊరి వినాయకుడు కూడా ఉన్నాడు. మేత వండినవాడు లేడు. ఖాళీ సీసా మాత్రం రిజిస్టరులో జమ చేయించాను. దారం విప్పి పారేశాను.

ఆయనకెందుకు చెప్పలేదని మీరు అడుగుతారు. చెబితే రేపే ల్యాబు గుమ్మంలో నిలబడతాడని భయం. నిలబడితే నేను ఆయన పక్కన నిలబడాలి. మొదట వైవా అయిపోనీ అనుకున్నాను. వైవా అయ్యాక ఉద్యోగం రానీ అనుకున్నాను. ఉద్యోగం వచ్చాక, ఇన్నాళ్ళకు ఏ మొహంతో వెళ్ళను అనుకున్నాను. పిరికివాళ్ళకు సాకుల కరువుండదు.

అలా ఆరేళ్ళు గడిచాక పీణ్య బస్టాపులో ఎదురుపడ్డాడు. ఒక వర్క్‌షాపులో బోల్టుల డబ్బాలు కట్టే పని చేస్తున్నాడట. చేతులకు గ్రీజు మరకలు. నేను తప్పుకోబోయాను, ఆయనే చూసి నవ్వుతూ వచ్చాడు. "ఏమమ్మా, పెండ్లికొడుకు దొరికినాడా?" అన్నాడు. నా నంబరు అడిగి అరచేతిలో రాసుకున్నాడు. తరువాత మామూలుగా, టైమెంత అని అడిగినట్టు అడిగాడు.

"ఆ సీసా చేస్తివా తల్లీ? ఏమి చెప్పినాయి ఈగలు?"

అప్పటికి పేపరు అచ్చయింది. డాక్టరేటు వచ్చింది. ఎవరూ నన్నేమీ చెయ్యలేరు. అయినా నా నోటి వెంట వచ్చింది ఇది: "చేశానన్నా. మేతకు బూజు పట్టింది. ఈగలన్నీ చచ్చిపోయాయి."

ఆయన తల ఊపాడు. నన్ను ఓదార్చాడు కూడా. "పోనీలేమ్మా, నీకు మేత వండడం యాడ వస్తుంది." బస్సు కోసం రోడ్డు వైపు చూస్తూ ఇంకో మాట అన్నాడు. "ఏమోమ్మా, నేనే కలిపినానేమో. అప్పటికే కండ్లు సరిగ్గా ఆనేవి కావు." ఏదో బస్సు వచ్చింది. ఎక్కాను. ఆ బస్సు నాది కాదు, మెజెస్టిక్ వెళ్ళేది. రెండు స్టాపుల తరువాత దిగిపోయాను.

ఇది అచ్చయితే మా సారుకు కోపం వస్తుంది. రిటైరై మనవలతో హాయిగా ఉన్నారు. రానీ కోపం. తిలా పాపం తలా పిడికెడు అంటారు కానీ, ఇందులో నా పిడికిలి పెద్దది.

పదకొండో దినానికి వెళ్ళాను. కాటన్‌పేటలో సందులో సందు, ఆ చివర రెండు గదుల ఇల్లు. గోదాము ఇంకా ఉంది, పక్కనే. వచ్చినవాళ్ళు భోజనాలు చేసి వెళ్ళిపోయారు. గోడకు ఆనించి ఆయన ఫోటో, ముందు ఆకులో అన్నం, అరటిపండ్ల హస్తం. ఆయన భార్య నాకు చాప వేసి తాను నేల మీదే కూర్చుంది.

అలమరలో పచ్చడి జాడీలు కనిపిస్తున్నాయి. ప్రతి జాడీ మెడకూ దారం. నేను అటు చూడడం ఆమె గమనించింది. "అదొక పిచ్చి ఆయనకు," అంది. "ఇంకోటి గూడా ఉండె. పప్పులో పెట్టిన గరిటె చారులో పెట్టనిచ్చేవాడు కాదు. కడిగి తుడిచి, ఎండేదంక ఆగి, అప్పుడు వడ్డించమనేవాడు. కూడు చల్లబడిపోయేది. ల్యాబుకు పోయేటప్పుడు ఇట్ల లేడమ్మా. తీసేసినంకే పట్టుకునింది."

ఆమె పైట సర్దుకుని నా వైపు తిరిగింది.

"నిజం చెప్పమ్మా. ఇప్పుడు చెప్తే ఎవరికీ నష్టం లేదు. ఆయన కలిపినాడా?"

"లేదమ్మా. కలపలేదు. ఆయన చెప్పిందంతా నిజమే."

"నీకెప్పుడు తెలిసె?"

"ఆయన సీసా తెచ్చిచ్చిన తరువాత నెలకే తెలిసింది. బూజు పట్టిందని నేను అబద్ధం చెప్పాను."

తిడుతుందనుకున్నాను. తిట్టాలని కోరుకున్నాను. ఆమె నన్ను చూడనేలేదు. మోకాళ్ళ మీద ఫోటో దగ్గరికి జరిగి, చెవిటివాడికి చెప్పినట్టు గట్టిగా చెప్పింది.

"వింటివా? నువ్వు కలపలేదంట."

పండ్ల మీద ఈగలు మూగి ఉన్నాయి. ఆమె గొంతుకు ఒక్కసారిగా లేచాయి. అలవాటుగా తోలడానికి చెయ్యెత్తి, ఏమనుకుందో, దించేసింది. కాసేపటికి అవి ఒక్కొక్కటే వచ్చి మళ్ళీ అరటిపండ్ల మీద వాలాయి.